వచ్చినోళ్లకు మనం ఏం చూపిద్దాం?

(సమాఖ్య వార్షిక మహాసభలో చదివిన ప్రసంగ పాఠం)



పోయిన మహాసభల మీరే ఒక ప్రశ్న లేపినరు. "సోమశిలకు ఇంతమంది వస్తున్నరు, కార్లు బారులు తీరుతున్నయి, మన సంఘాలకు అందుల ఏమన్నా ఉందా?" అని. దాని సంగతి చూసి చెప్పమని మా కమిటీకి అప్పజెప్పినరు. మేము తిరిగినం, అడిగినం, లెక్కలు వేసినం. మాకు తోచింది ఇప్పుడు మీ ముందు పెడుతున్నం. ఒప్పుకునేది, కాదనేది మీ చేతులనే ఉంది.

ముందుగాల సంతోషం సంగతి. 2024 సెప్టెంబర్ 27న, ప్రపంచ పర్యాటక దినం నాడు, కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చిన ఉత్తమ పర్యాటక గ్రామాలల్ల మన సోమశిల ఉన్నది. మన రాష్ట్రం నుంచి ఆ ఏడు రెండే పేర్లు: నిర్మల్, సోమశిల. నిర్మల్‌కు బొమ్మల పనితనం మీద వచ్చింది, మనకు ఆధ్యాత్మికం కింద వచ్చింది. అంతకు ముందే 2015-16ల సోమశిల, సింగోటం, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం అన్నీ కలిపి పర్యావరణ పర్యాటకం కింద 91.62 కోట్లు మంజూరైనయి. 2024ల మళ్లా సోమశిల పేరు మీద 68.10 కోట్లు. పైసలు రావట్లేదని అనడానికి లేదు. వచ్చిన పైసలు కాటేజీలు అయితయి, రోడ్లు అయితయి, మెట్లు అయితయి. అవి కావలసినవే. కానీ కాటేజీ దిగినాయన కొల్లాపూర్ల ఏ ఆడిమనిషి చేతిల రూపాయి పెట్టి పోతుండు?

మేము ఒక ఆదివారం పొద్దుందాక ఘాట్ కాడ కూసొని చూసినం. వస్తరు. గుడికి పోతరు. పడవ ఎక్కుతరు. ఫోటోలు దిగుతరు. నీళ్ల సీసా, చిప్స్ పొట్లం కొంటరు. ఆ రెండూ మన దగ్గర తయారైనవి కావు. పొద్దు గుంకకముందే బండి తిప్పుకొని హైదరాబాద్ బాట పడతరు. నూట ఎనభై కిలోమీటర్లు వచ్చినోళ్లు రెండు మూడు గంటలు కూడా మన కాడ ఉండరు. మన సొమ్మంతా ఆ తర్వాతి గంటలల్లనే ఉంది అక్కా. వాళ్లు ఇంకో పూట ఉంటేనే మనకు పని, లేకుంటే వాళ్లు వదిలిపోయిన ఇస్తరాకులు ఊడ్చే పనే మిగులుతది.

ఇంకో పూట ఉండాలంటే వాళ్లకు చూపించేది ఏమన్నా ఉండాలె గదా. ఏముంది మనకు?

కోట ఉంది. జటప్రోలు సంస్థానం, సురభి రాజులది. రాజధాని జటప్రోలు నుంచి కొల్లాపూర్‌కు మారింది. సురభి మాధవరాయలు ఆ వంశపాయనే, 'చంద్రికా పరిణయం' రాసిండు. చివరి రోజుల్ల సంస్థానాన్ని రాణి వెంకట రత్నమాంబ నడిపింది. ఆడిమనిషి ఏలిన ఊరు మనదని మన పిల్లలకే తెల్వదు. కొల్లాపూర్ల మాధవస్వామి గుడి ఉంది, గోడల మీద విష్ణుమూర్తి రూపాలు చూడాలంటే ఒక పూట సరిపోదు. సింగోటంల లక్ష్మీనరసింహస్వామి, పక్కన చెరువు, సంక్రాంతి కాడ జాతర. ఎండాకాలం బేనిషాన్ మామిడి. ఇవి అందరికీ తెలిసినయే, బోర్డుల మీద కూడా ఉన్నయి. వీటిని గురించి ఎక్కువ చెప్పము.

బోర్డుల మీద లేనిది ఒకటుంది. అదే మన అసలు ఆస్తి అని మా కమిటీ అనుకుంటున్నది.

సోమశిల గుడి ముందు నిలబడి చూసిన యాత్రికుడు, ఇది ఎప్పటినుంచో ఇక్కడనే ఉందనుకుంటడు. లేదు. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు పాత సోమశిల నీళ్లల్ల పోయింది. గుడిని రాయి రాయి విప్పి, ఏ రాయి యాడిదో తెలిసేటట్టు నంబర్లు వేసి, పైకి తెచ్చి మళ్లా పేర్చినరు. కొల్లాపూర్ల మాధవస్వామి గుడి కూడా అట్లనే మంచాలకట్ట నుంచి వచ్చింది. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి అట్లనే. అటు అలంపురం పోతే కూడవెల్లి సంగమేశ్వరాలయం అట్లనే. దేశంల ఇట్ల కదిలి వచ్చిన గుళ్లు ఒక్కచోట ఇన్ని ఉన్న జాగ తక్కువ.

రాళ్లకు నంబర్లు వేసినరు. ఇండ్లకు వెయ్యలేదు. 1981ల ఊళ్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు కుండలు, తిరగలి రాయి, తలుపు చెక్కలు నెత్తిన పెట్టుకొని ఒడ్డెక్కిన అమ్మలు ఇంకా మన సంఘాలల్ల ఉన్నరు. డ్యాం 885 అడుగులు నిండితే యాడ తమ ఇల్లు ఉండె, యాడ బాయి ఉండె, యాడ చింతచెట్టు ఉండె, ఒడ్డు మీద నిలబడి చెయ్యి చాపి చూపిస్తరు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలని 1986ల 98 నంబరు జీవో వచ్చింది. ఆ జీవో మాట మన ఊళ్లల్ల ఇప్పటికీ తెగలేదు. ఇదంతా గైడు పుస్తకాల లేదు. మేము అడిగినప్పుడు ఒక పెద్దమ్మ, "మా కష్టం చూడనీకె టికెట్టా బిడ్డా?" అన్నది. ఆ మాటకు మేము శానాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమెనే అన్నది: "టికెట్ కాకపోయినా, వినెటోడు ఉంటే చెప్త. మా మనుమండ్లు వింటలేరు."

మేము అనేది ఇదే. సోమశిలల గుడి చూపించే మనిషి మన సంఘం సభ్యురాలై ఉండాలె. ముంపు ఊళ్ల నుంచి వచ్చిన ఇంటామె అయితే ఇంకా మంచిది. గంటసేపు గుడి, ఘాటు తిప్పి, గుడి ఎట్ల కదిలిందో, ఊరు ఎట్ల కదిలిందో రెండూ చెప్పాలె. ఏది చెప్పాలె, ఏది చెప్పొద్దు అనేది ఆమె ఇష్టం. ఏడిపించి పైసలు అడుక్కునే పని కాదిది, తెలివికి కూలి తీసుకునే పని. గుడి చరిత్ర తప్పులు పోకుండ చెప్పడానికి శిక్షణ కావాలె. పాలమూరు ఊళ్లు, గుళ్లు తిరిగి రాసిపెట్టిన కపిలవాయి లింగమూర్తి గారు (1928–2018) మన జిల్లా మనిషే. ఆయన పుస్తకాలు తెప్పించి, చదువుకున్న చెల్లెండ్లు చదివి పెద్దమ్మలకు వినిపియ్యాలె. పెద్దమ్మలు తమకు తెలిసింది చెల్లెండ్లకు చెప్పాలె.

నీళ్లు తగ్గిన ఎండాకాలం ఇంకో వింత. ఏటికి అవతల ఆంధ్ర దిక్కు సప్తనది సంగమం కాడ సంగమేశ్వరుని గుడి నీళ్లల్ల నుంచి బయటపడతది. ఏడాదిల ఎక్కువ నెలలు నీళ్లల్లనే, కొన్ని నెలలే పూజ. వేపకట్టె లింగం అంటరు. సోమశిల నుంచి పడవల పోతరు. నీళ్లు నిండుగ ఉన్న నెలలల్ల శ్రీశైలం పోయే లాంచీ ఉంటది. అంటే మనకు అన్ని కాలాలల్ల చూపించేది ఉంది.

పడవ మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగ చెప్పాలె. 2007 జనవరి 18న సింగోటం జాతర చూసుకొని కృష్ణ దాటి పోతున్న పడవ మంచాలకట్ట కాడ మునిగి 60 మందికి పైగా పోయినరు. ఆ ఏడుపు మన చెవులల్ల ఇంకా ఉంది. సోమశిల కాడ వంతెన కావాలని అప్పటినుంచి అడుగుతున్నం. 2022ల కేంద్రం తీగల వంతెనకు ఒప్పుకున్నది. వంతెన అయినా పడవ విహారం ఆగదు. అందుకని మన సంఘం తరఫున పంపే ఏ యాత్రికుడైనా లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు. ఎక్కువ మందిని ఎక్కించుకునే పడవతోని మనకు లెక్కలు వద్దు. కమీషన్ ఎంత ఇస్తమన్నా వద్దు.

ఇప్పుడు పాట సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతం.

లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య గారికి 2022ల పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు, సొరబుర్రలు, తేనెమైనం. అడవిల, చేనుల దొరికే సామానుతోనే అంత నాదం. పండుగ సాయన్న కథ ఆ కిన్నెర మీద వింటే కూసున్నోడు లేవడు. నారాయణపేట దిక్కు దామరగిద్ద దాసరి కొండప్ప గారికి బుర్రవీణ మీద 2024ల పద్మశ్రీ వచ్చింది. ఉమ్మడి పాలమూరుకు రెండేండ్ల తేడాల రెండు. సొరబుర్ర వాయిద్యాలకే రెండూ. హైదరాబాద్ల హాళ్లల్ల విని చప్పట్లు కొట్టినోళ్లు, అదే పాట కృష్ణ ఒడ్డున, వెన్నెల రాత్రి, పుట్టిన నేల మీద వినమంటే రారా? వస్తరు. పేరు పెద్దాయనలే రానక్కరలేదు. వాళ్ల వెనుక ఇంకా వాయించెటోళ్లు ఉన్నరు, నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నరు.

కానీ ఒక మాట నిజం మాట్లాడుకుందాం. కిన్నెర డక్కలి వాళ్ల చేతుల బతికింది. డక్కలి వాళ్లను ఊరు యాడ ఉంచిందో మీకు తెల్సు. ఊరి బయట, ఆ బయటికి ఇంకా బయట. పాట విన్నం, గింజలు దూరంనుంచి పోసినం. రేపు యాత్రికుల ముందు మన వాకిట్ల పాట పెడితే, పాడినాయన యాడ కూసుంటడు, యాడ తింటడు? మా కమిటీల ఈ ముచ్చట మీద రెండు రోజులు వాదన అయింది. చివరికి అందరం ఒప్పుకున్నది ఇది: పాడెటోళ్లు వాకిట్లనే గద్దె మీద కూసోవాలె, పాట అయినంక మనతోనే, యాత్రికులతోనే ఒకటే వరుసల పళ్లెం పెట్టాలె. దానికి సిద్ధంగ లేని ఇంటికి పాట కార్యక్రమం ఇయ్యొద్దు. ఇది సలహా కాదు, నియమంగ పెట్టాలని కోరుతున్నం.

రెండోది కూలి. యాత్రికులు ఎంతమంది వస్తే అంత అని కళాకారునికి చెప్తే, వాన పడ్డ రోజు ఆయన ఖాళీ చేతులతో పోతడు. అట్ల కాదు. ఒక లెక్క వేసుకుందాం. ఒక రాత్రికి కళాకారునికి 2,000 రూపాయలు, బస్సు కిరాయి వేరే, అని ముందే ఖాయం చేసినమనుకోండి. యాత్రికునికి 100 చొప్పున ముప్పై మంది వస్తే 3,000 వస్తది, మిగులుతది. ఎనిమిది మందే వస్తే 800; మనం 1,200 చేతి నుంచి పెట్టాలె. అందుకని ముప్పై మంది వచ్చిన రోజు మిగిలింది పంచుకోకుండ, ఎనిమిది మంది వచ్చే రోజు కోసం వేరే డబ్బాల పెట్టాలె. పొదుపు మనకు కొత్త కాదు.

ఇంక బతుకమ్మ. ఇది గుండెల కాడి సంగతి. కొన్ని సంఘాల చెల్లెండ్లు "యాత్రికులు ఎప్పుడొస్తే అప్పుడు బతుకమ్మ పేరుస్తం, ఆడి చూపిస్తం, తలా ఇంత ఇస్తే చాలు" అన్నరు. వాళ్లను తప్పు పట్టం. చేతిల పైసలు లేనిబాధ మాకూ తెల్సు. కానీ పెద్దలు ఒప్పుకోలేదు, మేమూ ఒప్పుకోలేదు. బతుకమ్మకు నెల ఉంది, తిథి ఉంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాక తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు పూసినప్పుడు వచ్చే పండుగ అది. ఎండాకాలం కాగితం పూలతోని పేర్చి, కుర్చీల కూసున్నోళ్ల ముందు తిరిగితే, మన ఆడిపిల్లలు దాన్ని ఏమని నేర్చుకుంటరు? పండుగ రోజులల్ల వచ్చిన యాత్రికురాలిని పిలుద్దాం. పూలు తెంపనీకె తీసుకపోదాం, చప్పట్లు నేర్పుదాం, సత్తు పెట్టి పంపిద్దాం. దానికి పైసలు వద్దు. తిండికి, పండుకున్న జాగకు తీసుకుందాం.

మరి మిగిలిన రోజులు? కోలాటం ఉంది, భజన ఉంది, నాట్ల కాడ పాడే పాటలు ఉన్నయి, దంచేటప్పటి పాటలు ఉన్నయి. వాటికి తిథి అడ్డం లేదు. కోలాటం మీద మన పెంట్లవెల్లి దిక్కు సంఘాలకు మంచి చెయ్యి ఉంది, అది మీకందరికీ తెల్సు.

అడవి గురించి చిన్న మాట. నల్లమల మనకు పక్కనే, అమ్రాబాద్ పులుల అడవి. సలేశ్వరం చైత్ర పున్నమికి మూడు రోజులు. దానికి పోయే జనాన్ని ఎవ్వరూ ఆపలేరు. కానీ "చెంచుల పెంటలు చూపిస్తం రండి" అని యాత్రికులను బండ్లల్ల తోలుకపోయే పని మన సమాఖ్య చెయ్యొద్దని మా మాట. మనుషుల ఇండ్లు జూ పార్కు కాదు. చెంచు సంఘాల అక్కలు తామే ముందుకొచ్చి తేనె అమ్ముతం, ఇప్పపువ్వు అమ్ముతం అంటే మన స్టాల్‌ల మంచి జాగ ఇద్దాం, ధర వాళ్లే చెప్పాలె.

తిండి కాడికి వద్దాం. జొన్నరొట్టె, సద్దరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు, కృష్ణ చేపల పులుసు, మామిడి తొక్కు. యాత్రికుడు అడిగేది ఇదే, బిర్యానీ కాదు. బిర్యానీ వాళ్ల ఊర్లనే బాగుంటది. ఇక్కడ మనవాళ్లు లెక్క ఎట్ల కడతరో చూసినం. ఇరవై మందికి పళ్లెం 150 చొప్పున 3,000 వచ్చిందనుకోండి. సామాన్లకు పళ్లానికి 70 చొప్పున 1,400, గ్యాసుకు 150. మిగిలింది 1,450, లాభం అంటరు. కాదు. నలుగురు పొద్దంతా వండినరు, వాళ్ల కూలి మనిషికి 300 చొప్పున 1,200 తీసెయ్యండి. మిగిలింది 250. మన చేతుల కష్టాన్ని మనమే లెక్కలకు రాయకపోతే ఇంకెవరు రాస్తరు? పళ్లెం ధర పెట్టేముందు కూలి రాయాలె, బుక్ కీపర్లు ఇది గుర్తు పెట్టుకోండి.

ఇంటి గది, అదే హోంస్టే, దాని మీద అప్పు అడుగుతున్న దరఖాస్తులు వచ్చినయి. కొత్త గది కడతం, మూడు లక్షలు ఇయ్యండి అని. మా లెక్క వినండి. మూడు లక్షలకు రూపాయి మిత్తి అంటే మొదటి నెల మిత్తే 3,000. అసలు 36 నెలలకు పంచితే నెలకు 8,333. రెండూ కలిపి 11,333. గది రాత్రికి వెయ్యి అనుకుంటే నెలకు పన్నెండు రాత్రులు నిండితేనే కిస్తి తీరుతది, దుప్పట్లు, కరెంటు, చాయ్ కలపకుండనే. మన కాడికి యాత్రికులు వచ్చేది శనివారం, ఆదివారం. నెలకు ఎనిమిది రాత్రులు దాటవు. మిగిలిన కిస్తి యాడ నుంచి తెస్తరు, మెడల పుస్తెల నుంచా?

దీనికి బదులు ఉన్న ఇంట్లనే ఒక అర్ర బాగు చేసుకుంటే? మరుగుదొడ్డి, తలుపుకు గడియ, దోమతెర, మంచం. నలభై వేలు. 24 నెలలకు పంచితే అసలు 1,667, మొదటి నెల మిత్తి 400. రెండు మూడు రాత్రులల్ల కిస్తి తీరుతది. అందుకని ఈ ఏడు కొత్త గదులకు అప్పు వద్దు, బాగు చేసుకునే అర్రలకే ఇద్దాం అని మా సిఫారసు. దరఖాస్తు పెట్టిన చెల్లెండ్లకు కోపం వస్తదని తెల్సు. వచ్చే ఏడు రాత్రుల లెక్క రిజిస్టర్ల కనిపిస్తే అప్పుడు మళ్లా మాట్లాడుకుందాం. ఒంటరి ఆడోళ్ల ఇండ్లల్ల అర్ర ఇచ్చేటప్పుడు కుటుంబాలకు, ఆడోళ్ల గుంపులకే ఇయ్యాలె, వచ్చినోళ్ల ఆధార్ నకలు తీసుకోవాలె.

వేరేచోట్ల ఎట్ల చేసినరో కూడా చూసినం. కేరళల కుమరకంల 2008ల మొదలుపెట్టినరు. అక్కడి కుటుంబశ్రీ సంఘాల ఆడోళ్లు కూరగాయలు పండించి పెద్ద హోటళ్లకు అమ్మినరు. యాత్రికుని ముఖం చూడకుండనే యాత్రికుని పైసలు ఇంటికొచ్చినయి. మనకు మామిడి ఉంది, ఆకుకూర ఉంది, చేప ఉంది. కాటేజీల వంటగదికి అవి యాడ నుంచి వస్తున్నయో ఒకసారి అడుగుదాం. ఇంకోటి మన దగ్గరిదే, భూదాన్ పోచంపల్లి. 2021ల ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాలల్ల దాని పేరు వచ్చింది. అక్కడ మగ్గం చూసినోడు చీర కొనకుండ పోవుడు కష్టం, ఎందుకంటే నేసే మనిషి ఎదురుగనే ఉంటది.

మీ ముందు పెడుతున్న తీర్మానాలు ఇవి. సోమశిలల గుడి చూపించే పనికి మొదలు పది మందికి శిక్షణ, ముంపు కుటుంబాల వాళ్లకు ముందు వరుస. ఘాట్ కాడ వంట స్టాల్ ఒకటి, రెండు గ్రామ సంఘాలు వంతులు వేసుకొని నడపాలె. కార్తీకం నుంచి శివరాత్రి దాక నెలకు ఒక రాత్రి పాట, ముందే ఖాయం చేసిన కూలి మీద. అర్రల మరమ్మతుకే అప్పు. కాటేజీలకు కూరగాయలు, చేపలు అమ్మే సంగతి పర్యాటక సంస్థ అధికారులతో మాట్లాడనీకె ముగ్గురిని పంపాలె.

చేతులెత్తే ముందు అడగాల్సినవి అడగండి. మాధవస్వామి గుడి కాడ కూడా చూపించే మనిషి కావాలని కొల్లాపూర్ టౌన్ సంఘాలు రాసిచ్చినయి, దాన్ని కూడా కలుపుతున్నం. శిక్షణకు రాదలచినోళ్లు ఈ నెలాఖరు మీటింగుల మీ గ్రామ సంఘం రిజిస్టర్ల పేరు రాయించండి. చదువు రాకపోయినా పరవాలేదు, చెప్పే నోరు ఉంటే చాలు. ముంపు ఊరి పేరు కూడా పక్కన రాయించండి.